సూత్రాన్ని ఓడించే కంప్యూటర్లు

చిన్న సగటు పెద్ద సగటును దాటి పైకి వెళ్తే కొను, కిందికి జారితే అమ్ము. షేర్ మార్కెట్‌లో ఇలాంటి సూత్రాలకు కొదవ లేదు. ఆఫీసు క్యాంటీన్‌లో ఒకరు ఉచితంగా చెబుతారు, టెలిగ్రామ్ గ్రూపులో ఇంకొకరు నెలకింతని అమ్ముతారు. నమ్మాలా, మానాలా? తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. సొంత డబ్బు పెట్టి చూడటం ఒకటి. గడిచిన పదేళ్ల ధరల మీద ఆ సూత్రాన్ని నడిపి, అప్పట్లో దాన్ని తు.చ. తప్పకుండా పాటించి ఉంటే చేతిలో ఎంత మిగిలేదో లెక్కగట్టడం రెండోది. దీన్నే బ్యాక్‌టెస్టింగ్ అంటారు.

ఒకప్పుడు ఈ పని పెద్ద ఫండ్ సంస్థలకే చేతనయ్యేది. ఇప్పుడు ఇంట్లోని డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, మూలన పడ్డ పాత కంప్యూటర్‌ను ఒక నెట్‌వర్క్‌లోకి తెస్తే చాలు, రాత్రికి రాత్రి వేల పరీక్షలు నడుస్తాయి. కలపడం కష్టమేమీ కాదు. కలిపిన బలాన్ని ఏ ప్రశ్న మీద ఖర్చు పెట్టాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

నలభై రెండు రోజుల లెక్క

ముందు పని ఎంత పెద్దదో చూద్దాం. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఉదయం 9.15కు మొదలై మధ్యాహ్నం 3.30కు ముగుస్తుంది. రోజుకు 375 నిమిషాలు. ఏడాదికి సుమారు 250 పనిదినాలు. నిమిషానికొక వరుస చొప్పున నిఫ్టీ ధరలు రాసుకుంటూ పోతే పదేళ్లకు 9,37,500 వరుసలవుతాయి.

మన సూత్రంలో మార్చదగిన అంకెలు నాలుగున్నాయి. గడిచిన కొన్ని నిమిషాల ధరల చిన్న సగటును 5 నుంచి 50 నిమిషాల దాకా మార్చి చూస్తే 46 విలువలు. పెద్ద సగటును 51 నుంచి 250 దాకా మారిస్తే 200. నష్టం ఎక్కడ ఆపాలో చెప్పే స్టాప్‌లాస్‌కు 20 మెట్లు, లాభం ఎక్కడ తీసుకోవాలో చెప్పే టార్గెట్‌కు 10 మెట్లు పెట్టుకుందాం. అన్నిటినీ గుణిస్తే 18 లక్షల 40 వేల కూర్పులు తేలతాయి. ఒక్కో కూర్పును పదేళ్ల డేటా మీద నడపడానికి ప్రాసెసర్‌లోని ఒక కోర్‌కు రెండు సెకన్లు పడుతుందనుకుంటే మొత్తం 36.8 లక్షల సెకన్లు. అంటే ఒకే కోర్ రాత్రింబవళ్లు పనిచేసినా నలభై రెండున్నర రోజులు. దీనికి ఐదో అంకె చేర్చి, దానికీ పది విలువలిస్తే ఏడాది దాటిపోతుంది.

పంచుకోగల పని, పంచుకోలేని పని

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క బ్యాక్‌టెస్ట్‌ను ముక్కలు చేసి నాలుగు కంప్యూటర్లకు పంచడం తేలిక కాదు. సోమవారం కొన్న కాంట్రాక్టు చేతిలో ఉందా లేదా అన్నది తెలియకుండా మంగళవారం ఏం చేయాలో చెప్పలేం. ఖాతాలో మిగిలిన డబ్బు, తెరిచి ఉన్న పొజిషన్ ఒక రోజు నుంచి మరో రోజుకు మోసుకుపోవాలి. అందుకే ఆ లెక్క వరుసగానే నడవాలి. కానీ 5, 51 అంకెలతో నడిచే పరీక్షకూ 6, 51తో నడిచే పరీక్షకూ ఏ సంబంధమూ లేదు. కూలీలు మడిలో మునుములు పంచుకుని నాట్లు వేసినట్టే, ఏ కోర్ దాని వాటా అది పూర్తి చేసుకోవచ్చు, పక్కదాని కోసం ఆగనక్కర్లేదు. సమాంతర గణనలో ఇంతకంటే సులువైన పని మరొకటి ఉండదు.

మామూలు కంప్యూటర్లను గుంపుగా కట్టి పెద్ద లెక్కలు చేయించవచ్చని చాటిన పేరున్న ప్రయోగం 1994లో జరిగింది. నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 ఇంటెల్ 486 డీఎక్స్4 ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి, లైనక్స్ మీద నడిపారు. దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. బజారులో దొరికే విడిభాగాలతో సూపర్‌కంప్యూటర్ పని చేయించే ధోరణి అక్కడి నుంచే ఊపందుకుంది. 1999 మేలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాస్త్రవేత్తలు సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టారు. రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాలను చిన్న పొట్లాలుగా కట్టి, ప్రపంచం నలుమూలలా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి ఇంటి కంప్యూటర్లకు పంపి, భూమికి ఆవల బుద్ధిజీవుల జాడ వెతికించారు. 2020 మార్చి దాకా ఆ పొట్లాలు వెళ్తూనే ఉన్నాయి.

ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్లూ ఇదే బాట పట్టాయి. మెటాట్రేడర్ 5లో పరీక్ష నడిపే చిన్న ప్రోగ్రామును ఏజెంట్ అంటారు. సొంత కంప్యూటర్‌లోని కోర్‌లకు తోడు ఇంట్లోని మిగతా కంప్యూటర్లలోనూ ఏజెంట్లను పెట్టి, పని అందించి, ఫలితాలు తెప్పించుకోవచ్చు. పైథాన్ తెలిసినవాళ్లు డాస్క్, రే వంటి ఉచిత లైబ్రరీలతో ఇదే అమరిక చేసుకుంటారు. నిఫ్టీ డేటా మీద సొంతంగా రాసుకున్న సూత్రాలకు ఈ రెండో పద్ధతిలో స్వేచ్ఛ ఎక్కువ.

వైరు, వరుస, వేడి

పదేళ్ల నిమిషాల డేటా పెద్దదిగా అనిపిస్తుంది గానీ, వరుసకు ఆరు అంకెలు, అంకెకు ఎనిమిది బైట్ల చొప్పున లెక్కేస్తే 45 మెగాబైట్లే. గిగాబిట్ ల్యాన్ కేబుల్ మీద అది అర సెకను లోపే అవతలి కంప్యూటర్‌కు చేరుతుంది. ఒకసారి పంపి అక్కడే మెమరీలో ఉంచితే, ఆ తర్వాత వైరు మీద వెళ్లాల్సింది నాలుగు అంకెలు, తిరిగి రావాల్సింది ఫలితం తాలూకు మరో నాలుగైదు. అలా కాకుండా ప్రతి పరీక్షకూ ఉమ్మడి ఫోల్డర్ నుంచి ఫైలు మళ్లీ మళ్లీ చదివేలా రాస్తే? 18.4 లక్షల సార్లు 45 మెగాబైట్లు, అంటే దాదాపు 83 టెరాబైట్లు. కేబుల్ పూర్తి వేగంతో పనిచేసినా డేటా మోయడానికే ఏడున్నర రోజులకు పైగా పోతుంది. కొత్త కంప్యూటర్ కొనడం కంటే ఈ ఒక్క పొరపాటు దిద్దుకోవడం ఎక్కువ లాభం.

పంపకం మరో చిక్కు. ఇంట్లో మూడు కంప్యూటర్లున్నాయనుకుందాం. కొత్త డెస్క్‌టాప్‌కు 8 కోర్‌లు, ల్యాప్‌టాప్‌కు 4. పాతదానికీ 4 కోర్‌లే గానీ వేగం సగం. కొత్త కోర్‌ల లెక్కలో చూస్తే మొత్తం బలం 14. పనిని మూడు సమభాగాలు చేసి తలా ఒకటి ఇస్తే, పాత కంప్యూటర్ దాని వాటా ముగించేసరికి ఏడు రోజులవుతుంది. మిగతా రెండూ ఎప్పుడో పని ముగించి ఖాళీగా కూర్చుంటాయి. దీనికి బదులు పనులన్నిటినీ ఒకే క్యూలో పెట్టి, చేతిలోది అయిపోయిన కోర్ వచ్చి తర్వాతిది తీసుకునేలా చేస్తే మొత్తం మూడు రోజుల్లో తెమిలిపోతుంది. యంత్రాలు అవే, పంచే తీరు మారిందంతే. మరీ ఒక్కో కూర్పు చొప్పున ఇస్తే అడగడానికీ ఇవ్వడానికీ సమయం వృథా అవుతుంది గనక, వంద రెండొందలు కలిపి ఒక కట్టగా ఇవ్వడం మంచిది.

అయినా కోర్‌లు పెంచుకుంటూ పోతే వేగం అదే లెక్కన పెరగదు. పనిలో పంచడానికి వీల్లేని భాగం 5 శాతం ఉంటే, ఎన్ని వేల యంత్రాలు తెచ్చినా వేగం 20 రెట్లకు మించదన్న వాదనకు కంప్యూటర్ రూపకర్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే బాట వేశాడు. మన పనిలో డేటా శుభ్రం చేయడం, ఫలితాలను ఒకచోట చేర్చి వరుస పెట్టడం ఆ కోవలోకి వస్తాయి. మంచి కూర్పులను జతకట్టి తరతరాలుగా మెరుగుపరిచే జెనెటిక్ అల్గారిథమ్ వాడితే పరీక్షలు బాగా తగ్గుతాయి గానీ, ఒక తరం మొత్తం పూర్తయితే తప్ప తర్వాతి తరం పుట్టదు. అక్కడ నెమ్మదైన యంత్రం అందరినీ ఆపుతుంది.

మిగిలినవి ఇల్లు నడిపే జాగ్రత్తలు. కరెంటు పోతే మొదటి నుంచి మొదలెట్టకుండా పూర్తయిన ప్రతి కట్టనూ డిస్కు మీద రాసుకోవాలి. అన్ని యంత్రాల్లో ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉండాలి. ఒకే కూర్పును రెండు కంప్యూటర్లకు ఇచ్చి జవాబులు కలుస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పోల్చి చూడాలి. మూతవేసిన ల్యాప్‌టాప్ మే నెలలో వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఇక ఖర్చంటారా, మూడూ కలిసి 350 వాట్లు లాగితే మూడు రోజులకు పాతిక యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలైనా రెండు వందలు.

మొదటి వరుసలో ఉన్నదెవరు?

మూడు రోజుల తర్వాత 18.4 లక్షల ఫలితాలు లాభం ప్రకారం వరుసగా నిలబడతాయి. మొదటి వరుసలో కళ్లు మిరుమిట్లు గొలిపే గ్రాఫ్. ఏటా లాభం, నష్టపు గుంతలు చిన్నవి. దీన్ని రేపటి నుంచే అమలు చేయాలని ఎవరికైనా చేతులు దురద పెడతాయి. ఆగాల్సింది సరిగ్గా ఇక్కడే.

1024 మంది తలా పదిసార్లు నాణెం ఎగరేస్తే, సగటున ఒకరికి పదికి పదీ బొమ్మే పడుతుంది. ఆ ఒక్కడిని వేదికెక్కించి నాణెం వేయడంలో నేర్పరి అని సన్మానించం. పద్దెనిమిది లక్షల కూర్పుల్లో మొదటిది కూడా ఆ నాణెం వేసినవాడే కావచ్చు. వెతుకులాట విస్తరించే కొద్దీ అదృష్టం కొద్దీ మెరిసేవాటి మెరుపూ పెరుగుతుంది.

దీనికి గణితపు కొలత ఉంది. లాభాన్ని అందులోని ఎగుడుదిగుళ్లతో భాగిస్తే వచ్చే అంకెను షార్ప్ నిష్పత్తి అంటారు. ఏడాది లెక్కన అది 1 ఉంటే ట్రేడర్లు బాగుందంటారు. డేవిడ్ బెయిలీ, జొనాథన్ బోర్వైన్, మార్కోస్ లోపెజ్ డి ప్రాడో, జిమ్ ఝూ అనే నలుగురు 2014లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఒక లెక్క వేసి చూపించారు. చేతిలో ఐదేళ్ల డేటా మాత్రమే ఉంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని కూర్పులు 45కు మించి ప్రయత్నించకూడదు. మించితే, ఏ సత్తా లేని సూత్రాల్లోంచి కూడా షార్ప్ నిష్పత్తి 1 ఉన్నదొకటి దాదాపు ఖాయంగా బయటపడుతుంది. పరీక్షలో 1, రేపటి మార్కెట్‌లో సున్నా. మన దగ్గర ఉన్నది పదేళ్ల డేటా. 18.4 లక్షల కూర్పులూ పరస్పరం సంబంధం లేనివైతే, ఉత్త అదృష్టంతోనే మొదటి వరుస నిష్పత్తి ఒకటిన్నర దాటుతుంది. నిజానికి పక్కపక్క కూర్పులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి ఉబ్బు అంతకంటే తక్కువ. కానీ ఉబ్బు ఉబ్బే.

ఈ ప్రమాదాన్ని ఎగతాళిగా చూపించినవాడు పరిశోధకుడు డేవిడ్ లైన్‌వెబర్. అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీకి సరిపోయే అంకెల కోసం ఐక్యరాజ్యసమితి గణాంకాలు జల్లెడ పట్టి, బంగ్లాదేశ్ వెన్న ఉత్పత్తిని పట్టుకున్నాడు. దానికి అమెరికా జున్ను ఉత్పత్తిని, రెండు దేశాల గొర్రెల సంఖ్యను జతచేసేసరికి 1983 నుంచి 1993 దాకా సూచీ కదలికలో 99 శాతం సరిపోయింది. ఢాకాలో వెన్న చిలికితే న్యూయార్క్‌లో షేర్లు పెరుగుతాయని నవ్వుతూ చూపించిన ఆ పాఠాన్ని, తమ సగటుల పట్టిక చూసుకునేటప్పుడు చాలామంది మరిచిపోతారు.

ఇది ఊహ కాదనడానికి ఆధారం బోస్టన్‌లోని క్వాంటోపియన్ సంస్థ నుంచి వచ్చింది. ఎవరైనా సూత్రం రాసి పరీక్షించుకునే వేదికను ఆ సంస్థ నడిపింది. 2016లో అక్కడి పరిశోధకులు 888 సూత్రాలను తీసుకుని, పాత డేటా మీద వాటి షార్ప్ నిష్పత్తినీ, ఆ తర్వాతి కాలంలో వచ్చిన ఫలితాన్నీ పోల్చారు. మొదటిది చూసి రెండోదాన్ని ఊహించడం దాదాపు అసాధ్యమని తేలింది. మరో సంగతీ బయటపడింది. ఒక సూత్రాన్ని రచయిత ఎన్ని ఎక్కువసార్లు బ్యాక్‌టెస్ట్ చేసి దిద్దితే, కాగితం మీది లాభానికీ తర్వాతి ఫలితానికీ మధ్య దూరం అంత ఎక్కువ. ఇంట్లో మూడు కంప్యూటర్లు కలిపామంటే ఆ దిద్దుబాటును పద్నాలుగు రెట్ల వేగంతో చేయగల శక్తి వచ్చిందన్నమాట.

డేటా చెప్పని సంగతులు

కంప్యూటర్‌కు అంకెలు తెలుసు, వాటి చరిత్ర తెలియదు. ఇవాళ్టి నిఫ్టీ 50 కంపెనీల జాబితా తీసుకుని 2005 నుంచి పరీక్ష నడిపితే అందులో హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కనిపించదు. 2009 జనవరి దాకా ఆ సూచీలో ఉన్న సంస్థ అది. ఆ నెల 7న ఖాతాల్లో మోసం జరిగిందని ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఒప్పుకోవడంతో షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఒక్కరోజులో ఆవిరైంది, కొద్ది రోజులకే సూచీలో చోటు పోయింది. పడిపోయినవాటిని వదిలేసి నిలిచినవాటి మీదే పరీక్షిస్తే ఏ సూత్రమైనా తెలివైనదిగానే కనిపిస్తుంది. ఆయా తేదీల్లో జాబితాలో ఎవరున్నారో చూసి నడపాలి.

నిబంధనలూ మారతాయి. నిఫ్టీ వారపు ఆప్షన్లు ఏళ్ల తరబడి గురువారం ముగిసేవి, 2025 సెప్టెంబరు నుంచి మంగళవారానికి మారాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశంతో 2024 నవంబరులో బ్యాంక్ నిఫ్టీ వారపు కాంట్రాక్టులే ఆగిపోయాయి. గురువారం మధ్యాహ్నపు కదలిక మీద అల్లిన సూత్రానికి పాత ఫలితం ఇక చరిత్ర పుటే. ఖర్చులదీ అదే కథ. ఫ్యూచర్స్ అమ్మకంపై సెక్యూరిటీల లావాదేవీ పన్ను 2024 అక్టోబరు 1న 0.0125 నుంచి 0.02 శాతానికి పెరిగింది. బ్రోకరేజీ, పన్నులు, అనుకున్న ధరకూ దొరికిన ధరకూ మధ్య తేడా కలిపి కొనుగోలు-అమ్మకం జతకు 0.03 శాతమే అనుకున్నా, రోజుకు నాలుగు ట్రేడ్‌లు చేసే సూత్రం ఏడాదికి వెయ్యి జతలు పూర్తి చేస్తుంది. ఖర్చు 30 శాతం. నిమిషాల సగటులతో ఆడే సూత్రాల్లో చాలావాటి లాభం ఇక్కడే హరించుకుపోతుంది.

ఇంకొకటి కోడ్‌లో దాక్కునే తప్పు. 10.05 నిమిషపు ముగింపు ధర చూసి సంకేతం ఇచ్చి, అదే ధరకు కొన్నట్టు రాసేస్తాం. ఆ ధర తెలిసేసరికి ఆ నిమిషం అయిపోయింది. కొనగలిగేది 10.06 తొలి ధరకే. ఈ ఒక్క వరుస దిద్దితే బ్రహ్మాండమైన గ్రాఫ్‌లు చప్పబడిపోవడం మామూలే.

బలాన్ని ఎదురు తిప్పితే

అయితే ఇంటి కంప్యూటర్ల గుంపు పనికిరాదా? బ్రహ్మాండంగా పనికొస్తుంది, ప్రశ్న మార్చుకుంటే. "ఏ కూర్పు అందరికంటే బాగా గెలిచింది?" అని అడగడం మానేసి, "ఈ సూత్రాన్ని ఎలా కూలదోయగలం?" అని అడగాలి.

మొదటి మెట్టు వెతుకులాటను కుదించడం. చిన్న సగటుకు 5 విలువలు, పెద్దదానికి 6, స్టాప్‌లాస్‌కు 4, టార్గెట్‌కు 3 ఇస్తే 360 కూర్పులే. మన మూడు యంత్రాలకు ఒక్క నిమిషం కూడా పట్టదు. వీటిలోనూ ఒంటరిగా మెరిసే కూర్పును నమ్మకూడదు. 20, 100 అంకెలకు లాభమొచ్చి 22, 105కు నష్టమొస్తే అది గాలివాటం. చుట్టుపక్కల విలువలన్నీ ఓ మోస్తరు లాభమిచ్చే చదునైన చోటు మేలు.

రెండోది, కాలంతో ముందుకు జరిగే పరీక్ష. మొదటి మూడేళ్ల మీద మంచి అంకెలు ఎంచుకుని, వాటిని తర్వాతి ఆరు నెలల మీద నడపాలి. తర్వాత కిటికీని ఆరు నెలలు జరిపి మళ్లీ ఎంచాలి. పదేళ్ల డేటాలో ఇలా 14 సార్లు చేయవచ్చు. సూత్రం ముందు చూడని ఆ ఏడేళ్ల ఫలితాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మూడోది అన్నిటికంటే కఠినమైనది, మన కంప్యూటర్లకు తగ్గది. నిమిషాల మధ్య ధర మార్పులను పేకముక్కల్లా కలిపేసి కొత్త నకిలీ చరిత్ర తయారుచేయాలి. మొత్తం పెరుగుదల, మార్పుల పరిమాణాలు అవే, వరుస మాత్రం గల్లంతు. సూత్రం పట్టుకున్నానని చెప్పే నమూనా ఏదైనా ఉంటే ఈ కలగాపులగంలో అది చచ్చిపోతుంది. ఈ నకిలీ చరిత్ర మీద 360 కూర్పుల వెతుకులాట మొత్తం మళ్లీ నడిపి, మొదటి వరుస లాభం రాసుకోవాలి. ఇలా వెయ్యి చరిత్రలు. 3.6 లక్షల పరీక్షలు, మన యంత్రాలకు పద్నాలుగు గంటల పని. వెయ్యిలో రెండు వందల నకిలీ చరిత్రలు అసలు చరిత్ర కంటే మంచి లాభం చూపిస్తే, మన సూత్రం పట్టుకున్నది ఏమీ లేదు. పది కూడా దాటలేకపోతే అప్పుడు దాని వైపు మరోసారి చూడొచ్చు. యంత్రాలన్నీ ఒకే మొదలు సంఖ్య (సీడ్) నుంచి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టిస్తే అవే చరిత్రలు మళ్లీ మళ్లీ వస్తాయి, కాబట్టి యంత్రానికొక సీడ్ ఇవ్వాలి.

ఆ తర్వాత ఖర్చులు రెట్టింపు చేసి చూడాలి. ఆర్డర్ ఒక నిమిషం ఆలస్యమైనట్టు నడపాలి. అత్యధిక లాభమిచ్చిన పది ట్రేడ్‌లు తీసేసి మిగిలినదాన్ని కొలవాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులే, క్యూలో పెడితే తెల్లారేసరికి అయిపోతాయి. ఎన్ని సూత్రాలు, ఎన్ని కూర్పులు ప్రయత్నించామో ఒక పుస్తకంలో రాసుకోవడం కూడా పరీక్షలో భాగమే. ఆ సంఖ్య తెలియకుండా గెలిచిన సూత్రం విలువ కట్టలేం.

ఇంట్లో పాత డేటా మీద ఎన్ని పరీక్షలైనా చేసుకోవచ్చు. సూత్రం తనంతట తాను ఆర్డర్లు వేయడం మొదలుపెడితే మాత్రం, చిన్న మదుపరుల ఆల్గో ట్రేడింగ్‌పై సెబీ 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన నిబంధనల ప్రకారం బ్రోకర్ ద్వారా నడవాలి. అవతలి వైపు ఎవరున్నారో కూడా తెలిసి ఉండాలి. 2024 సెప్టెంబరు సెబీ అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) ట్రేడింగ్‌లో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు రెండు లక్షల రూపాయలు, మొత్తం రూ.1.8 లక్షల కోట్లకు పైగా. 2023-24లో విదేశీ ఫండ్‌ల లాభంలో 97 శాతం, సొంత ఖాతాల్లో ట్రేడింగ్ చేసే సంస్థల లాభంలో 96 శాతం ఆల్గోల నుంచే వచ్చింది.

వాళ్ల సర్వర్లతో వేగంలో పోటీపడటం ఇంటి కంప్యూటర్ల వల్ల అయ్యే పని కాదు. ఇవి చేయగలిగింది వేరే ఉంది. పదింట తొమ్మిది ఆలోచనలకు తెల్లారేసరికి "కాదు" అని నిక్కచ్చిగా చెప్పగలవు. ఆ జవాబు ఖరీదు రెండు వందల రూపాయలకు మించని కరెంటు. అదే జవాబును మార్కెట్ చెబితే దాని సగటు ఖరీదెంతో సెబీ లెక్కగట్టి పెట్టింది.